వలస పాలన గురించి మూలవాసుల నోటే వినాలంటే: ఏ పుస్తకం ఎవరికి, ఏది ముందు, ఏది తర్వాత

ఈ విషయం మీద "తప్పక చదవాల్సిన పది పుస్తకాలు" లాంటి జాబితాలు బోలెడు దొరుకుతాయి. వాటిని పట్టుకుని వరసగా కొనేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మొదటిది సగానికి వచ్చేసరికి మనసు పాడైపోయి మూసేశా, రెండోది ముప్ఫై పేజీలకే తలకెక్కక పక్కన పెట్టా, మూడోదాని అట్ట కూడా తిప్పలేదు, రెండేళ్ళు అల్మారాలో దుమ్ము పట్టింది. తప్పు ఆ పుస్తకాలది కాదు. ఏ ప్రశ్నతో వెళ్తున్నానో తేల్చుకోకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టడం నాది తప్పు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒక్కటే: పుస్తకం ఏ సంవత్సరం దగ్గర ఆగుతుందో చూడండి. కొనేముందు చివరి అధ్యాయం తిరగేయండి. అక్కడికి ఆ జనం బతికి ఉన్నారా, కోర్టుల చుట్టూ తిరుగుతూ, వాళ్ళలో వాళ్ళు గొడవపడుతూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్నారా, లేక అందరూ పోయి మంచు మాత్రం కురుస్తోందా? రెండో రకం పుస్తకం ఎంత గొప్పగా రాసినా సరే, అదొక్కటే చదివితే "అయ్యో పాపం, పోయారు" అనుకుంటూ లేస్తాం. వాళ్ళ నేల తీసుకున్నవాళ్ళు ఇన్నాళ్ళూ చెప్పుకొచ్చిన కథ కూడా అదే కదా, పోయారని!

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. పొట్ట చేతపట్టుకుని ఊరు దాటే కూలీదీ వలసే, దండెత్తి వచ్చి దేశాన్ని ఏలినవాడిదీ వలసే. డీకాలనైజేషన్‌కి నిర్వలసీకరణ అనే మాట వాడుతున్నారు గానీ, అది వినగానే మన కళ్ళముందుకు వచ్చేది తెల్లవాడు ఓడెక్కి వెళ్ళిపోవడం, జెండా మారడం. ఆఫ్రికాలో ఒక్క 1960లోనే 17 దేశాలకి అలా స్వాతంత్ర్యం వచ్చింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మాత్రం వచ్చినవాడు వెళ్ళలేదు, అక్కడే ఇల్లు కట్టుకుని, చట్టం రాసుకుని, ఇది నా ఊరే అన్నాడు. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితిలో మూలవాసుల హక్కుల ప్రకటన ఓటింగుకి వచ్చినప్పుడు 144 దేశాలు సరే అన్నాయి, 11 తటస్థంగా ఉండిపోయాయి, వద్దన్నవి నాలుగే, సరిగ్గా ఈ నాలుగే. తర్వాత నాలుగూ మాట మార్చుకుని ఒప్పుకున్నాయనుకోండి, అది వేరే సంగతి.

కాబట్టి వాడు వెళ్ళిపోయిన చోటి గురించి చదవాలనుకుంటున్నారా, వెళ్ళని చోటి గురించా అనేది ముందు తేల్చుకోండి. వెళ్ళిపోయిన చోటి గురించైతే అల్జీరియా స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసిన డాక్టరు ఫ్రాంజ్ ఫానన్ 1961లో రాసిన 'ద రెచెడ్ ఆఫ్ ద ఎర్త్' ఉంది. అందరూ హింస గురించిన మొదటి అధ్యాయమే చదివి వాదించుకుంటారు గానీ, స్వాతంత్ర్యం వచ్చాక దొర కుర్చీలో మనవాడే కూర్చుని దొరలాగే ఏలడం గురించి రాసిన అధ్యాయం ఉంది చూశారూ, అసలు పుస్తకం అక్కడుంది. దాని తర్వాత గూగీ, ఆయన దగ్గరికి కాసేపట్లో వస్తాను. ఇక్కడ ఎక్కువగా మాట్లాడబోయేది వెళ్ళని చోటి గురించే, ఎందుకంటే మనకి తక్కువ తెలిసింది అదే.

మొదటి పుస్తకం ఏది?

ఎవర్ని అడిగినా వచ్చే పేరు డీ బ్రౌన్ రాసిన 'బరీ మై హార్ట్ ఎట్ వూండెడ్ నీ'. 1970లో వచ్చింది. కౌబాయ్ సినిమాల్లో చూసిన కథని అటునుంచి చెప్పిన పుస్తకం. ఒప్పంద సభల్లో తెగల నాయకులు మాట్లాడిన మాటల్ని ప్రభుత్వ రికార్డుల్లోంచే తీసి పెట్టాడు, చదువుతుంటే ఆగలేం. బ్రౌన్ మాత్రం మూలవాసి కాదు, లైబ్రేరియన్‌గా పనిచేసిన తెల్ల అమెరికన్. కథ 1890 డిసెంబర్ 29న, దక్షిణ డకోటాలో సైన్యం 250 నుంచి 300 మంది దాకా లకోటా తెగ ప్రజల్ని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కలిపి చంపేసిన వూండెడ్ నీ దగ్గర ఆగిపోతుంది. అంటే నా పరీక్షలో ఫెయిల్.

దీనికి జవాబుగానే డేవిడ్ ట్రాయర్ 2019లో 'ద హార్ట్‌బీట్ ఆఫ్ వూండెడ్ నీ' రాశాడు. ఆయన ఒజిబ్వే తెగవాడు, మిన్నెసోటాలోని లీచ్ లేక్ రిజర్వేషన్‌లో (రిజర్వేషన్ అంటే ఇక్కడ కోటా కాదు, తెగకి మిగిల్చిన ప్రాంతం) పెరిగినవాడు. పేరులోనే ఎత్తిపొడుపు ఉంది: బ్రౌన్ గుండెని పాతిపెట్టమంటే, ఈయన అది కొట్టుకుంటోంది వినమంటాడు. బ్రౌన్ ఆపిన 1890లోనే ఈయన అసలు కథ మొదలవుతుంది. 1887 డాస్ చట్టంతో ఉమ్మడి భూముల్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచి, "మిగిలిన" భూమిని బయటివాళ్ళకి ఇచ్చేశారు. తెగల చేతిలో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934కి 4.8 కోట్లకి పడిపోయాయి. తుపాకీ పేలలేదు, అంతా కాగితాల మీదే జరిగింది, అందుకే సినిమాల్లో కనపడదు. ఇంకో లెక్క చూడండి, 1900 జనాభా లెక్కల్లో వాళ్ళు సుమారు 2,37,000 మంది, 2010కి మిశ్రమ వారసత్వం చెప్పుకున్నవాళ్ళతో కలిపి 52 లక్షలు. పోయారన్న కథకి ఈ రెండో అంకె ఎక్కడా అతకదు.

మూడోది రోక్సాన్ డన్‌బార్-ఓర్టిజ్ 2014లో రాసిన 'యాన్ ఇండిజినస్ పీపుల్స్ హిస్టరీ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్'. ఇందులో మనుషులకంటే వాదన ఎక్కువ. అమెరికా అనే దేశం ఎలా పనిచేస్తుందో, దాని సైన్యానికి ఆ అలవాట్లు ఎక్కడ అబ్బాయో మొదట్నుంచీ చివరిదాకా ఒకే దారంతో కుట్టుకుంటూ పోతుంది. చిన్న పుస్తకమే గానీ ఊపిరి తిప్పుకోనివ్వదు.

నన్నడిగితే ముందు ట్రాయర్. లావు పుస్తకమే, కానీ ఇంటర్వ్యూలు, ఊళ్ళు, వాళ్ళమ్మ సంగతులు, కాసినో వ్యాపారాలు అన్నీ కలిసి నడుస్తాయి కాబట్టి బరువు తెలియదు. అమెరికా మీద ఆయనకి ఆశ కాస్త ఎక్కువే అనిపిస్తుంది, అక్కడ డన్‌బార్-ఓర్టిజ్ బాగా విరుగుడు. బ్రౌన్‌ని మూడోసారికి ఉంచుకోండి, అప్పటికి అది ముగింపులా కాకుండా మధ్యలో ఒక అధ్యాయంలా కనిపిస్తుంది. ఇంగ్లీషు చదవడం కష్టం అనుకుంటే డన్‌బార్-ఓర్టిజ్ పుస్తకానికి 2019లో కుర్రాళ్ళ కోసం వేరే ఎడిషన్ తీశారు, సిగ్గుపడకుండా అదే తీసుకోండి. నేను అలాంటివి చాలా చదివాను.

నవ్వుతూ చదవాలని ఉంటే వైన్ డెలోరియా జూనియర్. 1969లో రాసిన 'కస్టర్ డైడ్ ఫర్ యువర్ సిన్స్' ఇప్పటికీ పదునుగానే ఉంది. స్టాండింగ్ రాక్ సూ తెగవాడు, తెగల జాతీయ సంఘాన్ని దగ్గరుండి నడిపినవాడు. ప్రతి వేసవికీ కెమెరా, నోటు పుస్తకం పట్టుకుని దిగిపోయే మానవ శాస్త్రవేత్తల్ని ఆయన ఉతికిన అధ్యాయం ఒక్కటి చదివినా డబ్బులు వచ్చేసినట్టే. తన దగ్గరికి వచ్చి "మాకూ ఇండియన్ రక్తం ఉంది" (అక్కడ ఇండియన్ అంటే మూలవాసి) అనే తెల్లవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ అమ్మమ్మ, నానమ్మల వైపునుంచే చెప్పారట, తాతలు మాత్రం కనపడరు! కొన్ని రాజకీయ వివరాలు పాతబడ్డాయి, అవి వదిలేసి ముందుకెళ్ళినా నష్టం లేదు.

"డీకాలనైజ్" అంటే అసలు ఏం చేయాలి?

ఈ మాట ఇప్పుడు అన్నిటికీ అతికిస్తున్నారు. సిలబస్‌ని డీకాలనైజ్ చేద్దాం, మనసుని డీకాలనైజ్ చేద్దాం, చివరికి యోగా క్లాసుని కూడా. అందుకే మూడు రచనల్ని పక్కపక్కన పెట్టి చూడటం మంచిది, మూడూ ఒకే మాట వాడతాయి, మూడూ వేరే పని చెప్తాయి.

ఈవ్ టక్, కె. వేన్ యాంగ్ కలిసి 2012లో రాసిన 'డీకాలనైజేషన్ ఈజ్ నాట్ ఎ మెటఫర్' పుస్తకం కూడా కాదు, నలభై పేజీల వ్యాసం, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. టక్ అలాస్కా వైపు అల్యూషియన్ దీవుల ఉనంగన్ జాతి మనిషి. వాళ్ళ మాట సూటిగా ఉంటుంది: డీకాలనైజేషన్ అంటే నేల తిరిగివ్వడం, అంతే, మీకు నచ్చిన ప్రతి మంచి పనికీ దాన్ని ఉపమానంగా వాడకండి. తప్పు చేసినవాడి వారసుడు నేల వదలకుండానే మనసు తేలికపరచుకోవడానికి వేసే ఎత్తుల్ని ఒక్కొక్కటే విప్పి చూపిస్తారు. డెలోరియా వెక్కిరించిన ఆ నానమ్మ కథ ఇక్కడ మళ్ళీ వస్తుంది, ఈసారి నవ్వు లేకుండా. మనసు మారితే చాలు మిగతాదంతా అదే వస్తుంది అనుకోవడం కూడా ఆ ఎత్తుల్లో ఒకటి. ఇది చదివేటప్పుడు నాకు కాస్త ఉక్కపోసింది, ఎందుకంటే అప్పటిదాకా నేను చేస్తున్నది సరిగ్గా అదే. నేల ఒక్కటే గీటురాయి అనడం ఆఫ్రికావైపు నుంచి చూసేవాళ్ళకి ఇరుకుగా అనిపించొచ్చు, ఆ అభ్యంతరంలో పస ఉంది, అయినా వ్యాసం చదవాల్సిందే.

లిండా తుహివై స్మిత్ 'డీకాలనైజింగ్ మెథడాలజీస్' 1999లో వచ్చింది, మూడో ఎడిషన్ 2021లో. ఆవిడ న్యూజిలాండ్ మావోరి. మూలవాసుల నిఘంటువులో "పరిశోధన" అనేది అత్యంత మురికి మాటల్లో ఒకటి అంటూ మొదలుపెడుతుంది. మొదటి సగంలో కొలతలు, పుర్రెలు, మ్యూజియంలు, పటాలు అన్నీ కలిసి జ్ఞానం పేరుతో దోపిడీ ఎలా జరిగిందో ఉంటుంది. రెండో సగంలో మూలవాసులే తమ గురించి తాము ఎలా పరిశోధించుకోవచ్చో 25 రకాల పనులు చెప్తుంది. మీరు ఫీల్డ్ వర్క్ చేసేవాళ్ళో, జర్నలిస్టులో, స్వచ్ఛంద సంస్థల్లో సర్వేలు చేసేవాళ్ళో అయితే టక్ కంటే ముందు ఇది చదవండి, ఎందుకంటే రేపు పొద్దున పనికి వెళ్ళాక ఎలా అడగాలి, ఎవరిని అడగాలి, ఆ జవాబు ఎవరి సొత్తు అన్నదానికి దారి చూపిస్తుంది. మామూలు పాఠకుడికి మొదటి సగం చాలు. రెండో సగం కొంచెం ట్రైనింగ్ మాన్యువల్‌లా నడుస్తుంది.

గూగీ వా థియోంగో 'డీకాలనైజింగ్ ద మైండ్', 1986. కెన్యా రచయిత, 2025లో చనిపోయారు. ఆయన పట్టు భాష మీద. స్కూల్లో గికూయూ మాట్లాడిన పిల్లల్ని కొట్టి, నేను గాడిదని అని రాసిన పలక మెడలో వేయడం గురించి చెప్తాడు, ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి దీనికి వేరే వివరణ అక్కర్లేదు. ఇకమీదట ఇంగ్లీషులో రాయను అని ఈ పుస్తకంలోనే ప్రకటించాడు. అంతకుముందే, 1978లో జైల్లో ఉన్నప్పుడు టాయిలెట్ పేపర్ మీద గికూయూలో నవల రాశాడు, ఇంగ్లీషులో అది 'డెవిల్ ఆన్ ద క్రాస్'. ఆ నవలని తెలుగులోకి తెచ్చింది వరవరరావు, అదీ జైల్లో ఉండగానే. మీకు నేల గొడవకంటే భాష గొడవ దగ్గరగా అనిపిస్తే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టండి. పుస్తకం పలుచన, భాష తేలిక, కోపం మాత్రం నిండా ఉంది.

మూడిట్లో ఒక్కటే అంటే టక్, యాంగ్ వ్యాసం. ఒక సాయంత్రం సరిపోతుంది, ఖర్చు లేదు, తర్వాత చదివే ప్రతి పుస్తకాన్నీ అది కాస్త ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

కెనడా స్కూళ్ళ గురించి చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక

రెసిడెన్షియల్ స్కూల్ అంటే మనకి మంచి చదువు, సీటు దొరికితే అదృష్టం. కెనడాలో ఆ మాటకి అర్థం వేరు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి, జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, వాళ్ళలోని ఇండియన్‌ని చంపేయడానికి ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన సంస్థలవి. దేశం మొత్తం మీద 139 స్కూళ్ళు, 1,50,000 మందికి పైగా పిల్లలు, చివరివి 1990ల దాకా నడిచాయి. ఎంతోమంది పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు.

ఇక్కడ ఎంపిక మీ తట్టుకునే శక్తిని బట్టి ఉంటుంది. చట్టం ఎలా పనిచేసిందో ముందు తెలుసుకుందాం అనుకుంటే బాబ్ జోసెఫ్ 2018లో రాసిన '21 థింగ్స్ యూ మే నాట్ నో అబౌట్ ది ఇండియన్ యాక్ట్'. రెండు పూటల్లో అయిపోతుంది. 1876లో వచ్చిన ఆ చట్టం ఇప్పటికీ, మార్పులతో, అమల్లో ఉంది. పాట్‌లాచ్ అనే పంపకాల వేడుకని 1885 నుంచి 1951 దాకా నేరంగా చూసింది. 1927 నుంచి 1951 దాకా తమ భూముల కోసం వకీలుని పెట్టుకోవడానికి చందాలు పోగుచేయడం కూడా నేరమే. భూమి తీసుకుని, దాని గురించి కోర్టుకి వెళ్ళే దారి కూడా మూసేశారన్నమాట. ఇలాంటివి రెండు మూడు చదివాక ఆ "21" అంకె తక్కువే అనిపిస్తుంది. ఇందులో ఏడిపించడం లేదు, ఏకరువు పెట్టడం మాత్రమే, అదే దాని బలం.

ఒక మనిషి కథగా కావాలంటే బెవ్ సెల్లర్స్ 2013లో రాసిన 'దే కాల్డ్ మీ నంబర్ వన్'. అమ్మమ్మ, అమ్మ, తను, మూడు తరాలు అవే స్కూళ్ళు. పేరులో ఉన్నది అక్కడ తనకి ఇచ్చిన నంబరు. ఆవిడే తర్వాత తన తెగకి చీఫ్ అయింది, లా చదివింది, పుస్తకం ఆ దాకా వస్తుంది. చివరి పేజీ పరీక్షలో నూటికి నూరు.

అసలు సాక్ష్యాలే చదువుతాను అనేవాళ్ళకి కెనడా సత్యశోధన కమిషన్ 2015లో తెచ్చిన 'ద సర్వైవర్స్ స్పీక్' ఉచితంగా పీడీఎఫ్ దొరుకుతుంది. దేశమంతా తిరిగి 6,000 మందికి పైగా చెప్పింది విన్నారు, ఈ సంపుటం ఆ గొంతులతోనే నిండి ఉంటుంది. రైలు ఎక్కించడం, మొదటి రాత్రి, తిండి, పని, ఇలా విషయాల వారీగా ఉంటుంది కాబట్టి ఒక భాగం చదివి ఆపేయొచ్చు, ఆపేయాలి కూడా. రాత్రిపూట వద్దు. అదే కమిషన్ ఇచ్చిన 94 సిఫార్సుల పత్రం విడిగా చదవండి, కొన్ని పేజీలే, బాధపడ్డాక ఏం చేయమంటున్నారో అందులో ఉంటుంది.

నవలగా అయితే రిచర్డ్ వాగమీస్ 'ఇండియన్ హార్స్', 2012. ఐస్ హాకీ ఆడే కుర్రాడి కథ, ఆట గురించి రాసిన పేజీలు ఎగిరిపోతాయి, ఆ ఊపులోనే మనల్ని తీసుకెళ్ళి అసలు గాయం ముందు నిలబెడతాడు. పిల్లల మీద లైంగిక హింస ఉంది, ముందే తెలిసుండటం మంచిది.

సిద్ధాంతం కావాలా, ఇద్దరున్నారు

గ్లెన్ కౌల్తార్డ్, లియాన్ బెటాసమోసాకే సింప్సన్. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే రాజకీయం. ప్రభుత్వం మమ్మల్ని "గుర్తించడం" కోసం ఎదురుచూడటం మానేద్దాం, ఆ గుర్తింపే ఇప్పుడు కొత్త పగ్గం అంటారు. చెప్పే తీరు మాత్రం తూర్పు పడమరలు.

కౌల్తార్డ్ ఉత్తర కెనడాలోని ఎల్లోనైవ్స్ డెనే తెగ మనిషి. 2014లో రాసిన 'రెడ్ స్కిన్, వైట్ మాస్క్స్' పేరే ఫానన్ ఇంకో పుస్తకం 'బ్లాక్ స్కిన్, వైట్ మాస్క్స్' పేరుని మార్చి పెట్టింది. హెగెల్, మార్క్స్, ఫానన్ తెలిసుంటే పండగ, తెలియకపోతే టెన్షన్. నేను మొదట చెప్పిన ముప్ఫై పేజీలకే పక్కన పెట్టిన పుస్తకం ఇదే. తర్వాత ఎప్పుడో 1970ల డెనే ప్రజల పోరాటం గురించిన అధ్యాయం నుంచి చదవడం మొదలుపెట్టా, అప్పుడు దారి దొరికింది. మెకెంజీ లోయలో గ్యాస్ పైప్‌లైన్ వేస్తామంటే వాళ్ళు 1975లో డెనే ప్రకటన చేసి, మేమొక జాతి, ఈ నేలతో మాకున్నది ఆస్తి సంబంధం కాదు అన్నారు. ఆ కథ తెలిశాక వెనక్కి వెళ్ళి సిద్ధాంతం చదివితే సగం బరువు తగ్గిపోయింది.

సింప్సన్ మిచి సాగీగ్ నిష్నాబేగ్ తెగ రచయిత్రి, కవి, పాటలు కూడా కడుతుంది. 'యాజ్ వీ హావ్ ఆల్వేజ్ డన్' 2017లో వచ్చింది. అందులో ఒక చిన్నపిల్ల అడవిలో కూర్చుని, ఉడుత చెట్టు బెరడు కొరికి రసం పీల్చడం చూసి, తనూ అలాగే చేసి, తియ్యగా ఉందని పరిగెత్తుకెళ్ళి అమ్మకి చెప్తుంది. అమ్మ నమ్ముతుంది. అంతే కథ. చదువంటే ఇది, నేలే పంతులు, పిల్లని నమ్మే పెద్దవాళ్ళు చుట్టూ ఉండాలి అంటూ ఆవిడ దాన్నుంచి ఒక రాజకీయమే అల్లుతుంది. సిద్ధాంతమంటే భయపడేవాళ్ళు సింప్సన్‌తో మొదలుపెట్టి కౌల్తార్డ్‌కి వెళ్ళండి. యూనివర్సిటీలో పేపర్ రాయాల్సినవాళ్ళకి ఆ సుఖం లేదు, కౌల్తార్డ్ తప్పదు.

దక్షిణాన, ఇంకా దక్షిణాన

లాటిన్ అమెరికా గురించి అందరూ ఎదువార్దో గలియానో 1971 పుస్తకం 'ఓపెన్ వెయిన్స్ ఆఫ్ లాటిన్ అమెరికా' చేతిలో పెడతారు. మంచి పుస్తకమే, కానీ ఆయన ఉరుగ్వే జర్నలిస్టు, మూలవాసి గొంతు కాదు, పైగా 2014లో ఆయనే ఆ పుస్తకాన్ని ఇప్పుడు మళ్ళీ చదవలేను అన్నాడు. మన ప్రశ్నకి అది జవాబు కాదు.

రిగోబెర్టా మెంచూ వాంగ్మూలం, 1983లో వచ్చింది, చదవాలా వద్దా అని చాలామంది అడుగుతారు. గ్వాటెమాలాలో కిచే మాయా జాతికి చెందిన ఆవిడ, 23 ఏళ్ళప్పుడు, కొద్ది ఏళ్ళ కిందటే నేర్చుకున్న స్పానిష్‌లో చెప్పిన కథ అది. 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1999లో డేవిడ్ స్టోల్ అనే మానవ శాస్త్రవేత్త, ఆవిడ కళ్ళారా చూసినట్టు చెప్పిన కొన్ని సంఘటనలు అలా జరగలేదని రాశాడు, పెద్ద దుమారం లేచింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసిన కమిషన్, గ్వాటెమాలా అంతర్యుద్ధంలో 2,00,000 మందికి పైగా చనిపోయారు లేదా మాయమయ్యారని, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయాలేనని, ప్రభుత్వ బలగాలు చేసినవాటిలో జాతి సంహారం ఉందని తేల్చింది. నా ఉద్దేశం ఏంటంటే, చదవండి, కానీ ఒక ఊరంతా ఒకే నోటితో చెప్పుకున్న గోడుగా చదవండి, కోర్టు అఫిడవిట్‌లా కాదు.

నాకు బాగా ఇష్టమైనవి బ్రెజిల్ నుంచి వచ్చిన రెండు. ఐల్టన్ క్రెనాక్ 'ఐడియాస్ టు పోస్ట్‌పోన్ ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్' వంద పేజీలు కూడా ఉండదు, ఉపన్యాసాల్లోంచి తయారైంది కాబట్టి మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. 1987లో రాజ్యాంగ సభలో తెల్ల సూటు వేసుకుని మాట్లాడుతూనే ముఖానికి నల్లరంగు పూసుకున్న మనిషి ఈయనే. వాళ్ళ నది, వాళ్ళు తాత అని పిలుచుకునే నది, 2015లో గని వ్యర్థాల డ్యామ్ తెగి బురదతో నిండిపోయింది. "మానవాళి" అనే క్లబ్బులో మేమెప్పుడు సభ్యులమయ్యాం అని అడుగుతాడు. ప్రయాణంలో చదవడానికి ఇంతకంటే మంచిది ఈ జాబితాలో లేదు.

దావి కోపెనావా 'ద ఫాలింగ్ స్కై' దీనికి పూర్తిగా ఎదురు, చాలా లావు, చాలా నిదానం. అమెజాన్ అడవుల యానోమామి తెగలో షామన్, అంటే ఆత్మలతో మాట్లాడి వైద్యం చేసేవాడు, అయిన కోపెనావా తన భాషలో ఏళ్ళ తరబడి చెప్తుంటే బ్రూస్ ఆల్బేర్ అనే ఫ్రెంచ్ మానవ శాస్త్రవేత్త రాసుకున్నాడు, ఫ్రెంచ్‌లో 2010లో, ఇంగ్లీషులో 2013లో వచ్చింది. ఇందులో పరిశోధించేవాళ్ళు, పరిశోధనకి దొరికేవాళ్ళు తారుమారవుతారు: తెల్లవాళ్ళని సరుకుల జనం అంటాడు, మతిమరుపు కాబట్టే వాళ్ళు మాటల్ని కాగితం తోలు మీద గీసుకుంటారు అంటాడు. మొదటి మూడో వంతు కలలు, ఆత్మలు, అడవి. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగిపోతామనిపిస్తే, బంగారం తవ్వేవాళ్ళు, రోగాలు వచ్చిపడిన మధ్య భాగానికి దూకేయండి, తర్వాత మొదటికి రావాలని మీకే అనిపిస్తుంది. క్రెనాక్ చదివి ఇంకా కావాలనిపించినవాళ్ళకే ఇది, తొందరలో ఉన్నవాళ్ళకి కాదు.

ఆస్ట్రేలియా గురించి క్లుప్తంగా చెప్తాను. డోరిస్ పిల్కింగ్టన్ గరిమారా 'ఫాలో ద రాబిట్-ప్రూఫ్ ఫెన్స్' (1996) ముందు. 1931లో ప్రభుత్వం ఎత్తుకెళ్ళి శిబిరంలో పెట్టిన ముగ్గురు ఆడపిల్లలు, కుందేళ్ళు రాకుండా కట్టిన కంచె పట్టుకుని సుమారు 1,600 కిలోమీటర్లు ఇంటికి నడవడం, అందులో పెద్దమ్మాయి రచయిత్రి తల్లే. సినిమా చూసినవాళ్ళు కూడా పుస్తకం చదవొచ్చు. బ్రూస్ పాస్కో 'డార్క్ ఎము' (2014) గురించి అడుగుతారు, ఆస్ట్రేలియా మూలవాసులు వేటగాళ్ళే కాదు, వ్యవసాయం చేశారు అనే వాదన. ఊరించే పుస్తకం, కానీ దాన్ని ఖండిస్తూ పీటర్ సటన్, కెరిన్ వాల్షీ 2021లో ఒక పుస్తకమే రాశారు. వేటాడి బతికితే తక్కువవాళ్ళు, సాగు చేస్తేనే గొప్పవాళ్ళు అని ఎందుకు అనుకోవాలి అన్న వాళ్ళ ప్రశ్న నాకు నచ్చింది. చదివితే రెండూ చదవాలి, లేకపోతే రెండూ వదిలేయాలి. అలెక్సిస్ రైట్ నవల 'కార్పెంటేరియా' అద్భుతం, కానీ మొదటి యాభై పేజీలు ఈదాలి.

నవలలే చదువుతాను అంటే

లూయీస్ ఎర్డ్రిక్ 'ద నైట్ వాచ్‌మన్', 2020, మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది. 1953లో అమెరికా కాంగ్రెస్ తెగల గుర్తింపునే రద్దు చేసే పని మొదలుపెట్టింది, వినడానికి "విముక్తి" అన్నారు, జరిగేది నేల పోవడం. ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ ఉత్తరాలు రాసి దాన్ని అడ్డుకున్న టర్టిల్ మౌంటెన్ తెగ ఛైర్మన్, ఎర్డ్రిక్ తాతే. ఆ నిద్రమత్తు, ఆ ఉత్తరాలు, మధ్యలో ప్రేమకథలు, నవ్వులు. డీ బ్రౌన్ బదులు ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలంటే నేను ఇదే ఇస్తాను.

టామీ ఆరెంజ్ 'దేర్ దేర్' (2018) నగరం కథ, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌తో ముడిపడిన పన్నెండు మంది. రిజర్వేషన్ తప్ప ఇంకెక్కడా వాళ్ళని ఊహించుకోలేని పాఠకుడికి మంచి కుదుపు. వేగంగా చదివిస్తుంది, ముగింపు మాత్రం దారుణం. కుర్రాళ్ళకి ఇది, పెద్దవాళ్ళకి ఎర్డ్రిక్.

రాబిన్ వాల్ కిమ్మరర్ 'బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్' (2013) ఎక్కడ చూసినా కనిపిస్తుంది కాబట్టి ఒక మాట. పొటవాటమి వృక్షశాస్త్రవేత్త, చక్కటి వచనం, ఆవిడ గొంతులోనే ఆడియో పుస్తకం ఉంది, వినండి. కానీ చాలామంది దాన్ని ప్రకృతి పుస్తకంగా చదివి, ప్రశాంతంగా ఉందని మెచ్చుకుని ఊరుకుంటారు. వాళ్ళ తాతని చిన్నప్పుడే, ఆ కెనడా స్కూళ్ళలాంటిదే అయిన అమెరికాలోని కార్లైల్ బోర్డింగ్ స్కూలుకి పంపేసిన సంగతి కూడా అందులోనే ఉంది, ఆవిడ భాష మళ్ళీ ఇంటినిండా చీటీలు అంటించుకుని నేర్చుకోవాల్సి వచ్చింది అందుకే. టక్, యాంగ్ చదివాక ఇది చదివితే అంత ప్రశాంతంగా ఏమీ ఉండదు.

చివరిగా, డబ్బు పెట్టకుండా, ఇంగ్లీషు కూడా రాకుండా చూడగలిగింది ఒకటుంది. గ్వామన్ పోమా అనే, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల మూలవాసి 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజుకి రాసిన ఉత్తరం. ఉత్తరమంటే ఉత్తరం కాదు, 1,189 పేజీలు, మధ్యలో 398 బొమ్మలు, వలస పాలన ఎలా నడుస్తోందో, ఎవరు ఎవర్ని కొడుతున్నారో, పాలన ఎలా మార్చాలో అన్నీ. 1908లో కోపెన్‌హేగన్ రాజ గ్రంథాలయంలో బయటపడింది, ఇప్పుడు ఆ గ్రంథాలయమే మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టింది. అందులో ఒక బొమ్మలో, స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఆండీస్‌ని ఏలిన ఇన్‌కా వంశపు రాజు ఒక స్పానిష్‌వాడికి పళ్ళెంలో బంగారం చూపించి, మీరు తినేది ఇదేనా అని అడుగుతాడు. అవును, ఈ బంగారమే తింటాం అంటాడు వాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత కోపెనావా పుస్తకంలో, తమ అడవిలోకి వచ్చిపడిన బంగారం తవ్వేవాళ్ళకి యానోమామి పెట్టుకున్న పేరు "మట్టి తినేవాళ్ళు". ముందు ఆ బొమ్మ వెతికి చూడండి, తర్వాత ఏ పుస్తకం కొంటారో మీ ఇష్టం.